ఐస్‌క్రీమ్ కోసం కాదు

అమ్మా,

నేను బాగున్నాను. ఆ మాట ముందే రాసేస్తున్నాను. కాగితం మీద నా అక్షరాలు కనబడగానే నీకు గుండెదడ మొదలవుతుందని తెలుసు. ఉద్యోగం బాగుంది, ఒంట్లో బాగుంది, పక్కవాటా వాళ్లతో కూడా బాగానే ఉన్నాను. ఫోన్ పాడైపోలేదు. అయినా ఉత్తరం ఎందుకంటే, ఫోన్‌లో నేను ఏం చెప్పబోయినా నువ్వు "ఆగాగు, ఇది భలే ఉంది, మళ్లీ మొదట్నుంచి చెప్పు" అని రికార్డు మొదలుపెడతావు. ఆమధ్య జ్వరమొచ్చిందని నీ ఒక్కదానికే చెప్పాను. సాయంత్రానికల్లా ముక్కూ మొహం తెలియనివాళ్లంతా చిట్కాలు చెప్పారు. ఈసారి చెప్పేది నీ ఒక్కదానికే చెప్పాలి. కాగితమైతే నీ చేతిలో ఉంటుంది, చదివాక నీ ఇష్టం.

విషయానికి వస్తాను. టిష్యూ పేపర్ల కంపెనీవాళ్లు పంపిన కాగితాలు అందాయి. డబ్బా మీద నా చిన్నప్పటి ఏడుపు ముఖం, పక్కనే "తుడుచుకో, పోయేదేముంది" అన్న మాట. బాగానే గీశారు. కానీ నేను సంతకం పెట్టను.

ఆ ముఖం నాతోపాటే పెరిగింది, నాకంటే వేగంగా. మొదట్లో అది నీ చానల్ చూసేవాళ్లకే తెలుసు. తర్వాత ఎవరో దాన్ని కత్తిరించి స్టిక్కర్ చేశారు. నేను కాలేజీలో ఉన్నప్పుడు కుర్రకారు మాత్రమే పంపుకునేవాళ్లు. ఇప్పుడు చూడు. రేపు నీళ్లు రావని నీళ్ల ఆఫీసు పంపే కబురు కింద నేను ఏడుస్తుంటాను. బ్యాంకు పనిచేయకపోతే నేనే. వార్తల్లో పెట్రోలు ధర పెరిగిందని చదువుతుంటే తెర మూల నేనే. మా ఆసుపత్రిలో పెద్ద డాక్టరుగారు నవ్వడం ఇంతవరకు ఎవరూ చూడలేదు. అలాంటి మనిషి మొన్న సెలవు రద్దయిందని చెబుతూ గ్రూపులో నా ఏడుపే పెట్టారు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వే బొమ్మ ఒకటి పెట్టి, నా గదికి వెళ్లి తలుపు వేసుకున్నాను.

ఇక్కడ ఎవరికీ తెలియదు. రెండు పిలకలు, ఊడిన ముందుపళ్లు, కారే ముక్కు; ఇప్పటి నన్ను చూసి ఎవరు పోల్చుకుంటారు? నువ్వు మా అమ్మవని కూడా చెప్పలేదు. మా విభాగంలో సగంమంది నీ "రెంచక్క" వీడియోలు చూసి కుళాయిలు బాగుచేసుకున్నవాళ్లే. వాళ్లు నిన్ను మెచ్చుకుంటుంటే లోపల పొంగిపోతాను. అది వేరే సంగతి.

అమ్మా, నేను ఆ రోజు ఐస్‌క్రీమ్ కోసం ఏడవలేదు.

అప్పుడు నేను రెండో తరగతి. నాన్న నన్ను మలుపులో ఉన్న కొట్టుకు తీసుకెళ్లి ఐస్‌క్రీమ్ కొనిచ్చాడు. ఎప్పుడూ చిన్నది కొనేవాడు, ఆ రోజు పెద్దది కొన్నాడు. ఇంటికి వచ్చాక నన్ను మెట్ల దగ్గర వదిలి లోపలికెళ్లి పెట్టె పట్టుకుని వచ్చాడు. "పనిమీద వెళ్తున్నా, బుద్ధిగా ఉండు" అన్నాడు. పనిమీద వెళ్లేటప్పుడు ఆయన భుజానికి సంచీ తగిలించుకునేవాడు. ఆ పెట్టె మనం ముగ్గురం కలిసి ఊరెళ్లేటప్పుడు వాడేది. పొద్దున బాత్రూములో ఆయన గడ్డం గీసుకునే సామాను కూడా కనబడలేదు. రెండో తరగతి పిల్లకు కూడికలు రాకపోవచ్చు కానీ, ఆ మాత్రం కలుపుకోవడం వచ్చు.

రోడ్డుకు అవతల బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఐస్‌క్రీమ్ ఉన్న చెయ్యే ఊపాను. అది జారిపడింది. నువ్వు మెట్ల మీద ఫోన్ పట్టుకుని నిలబడి, "అయ్యో, పడిపోయిందా, ఏడవకమ్మా, ఇంకోటి కొంటాలే" అన్నావు. ఆ మాట వీడియోలో ఉంది, లోకమంతా వింది. నేను తల అడ్డంగా ఊపాను. అదీ ఉంది. నువ్వు దాని కింద "ఇంకోటి వద్దట, అదే కావాలట" అని రాశావు.

నాన్న వెళ్లిపోయాడని నువ్వు నాకు చెప్పింది చాలా రోజుల తర్వాత. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒక్కో మాటా ఏరుకుని చెప్పావు. నాకు ముందే తెలుసంటే నీ కష్టమంతా వృథా అయిపోతుందనిపించి, అప్పుడే విన్నట్టు విన్నాను. అదే అలవాటైపోయింది.

అలిగి రాయడం లేదు. ఏడుస్తూ కూడా రాయడం లేదు. మధ్యాహ్నం భోజనం చేసి, చేతులు కడుక్కుని, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. రెండే అడుగుతున్నాను. కంపెనీకి కుదరదని చెప్పు. ఆ వీడియో తీసేయి.

నీ
చిట్టి

*

నా చిట్టితల్లికి,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను వంటగది సింకు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను, పక్కన ఫోన్ స్టాండు. పోస్టాయన తలుపు కొట్టి, "రెంచక్కగారూ, మీకు నిజం ఉత్తరం వచ్చిందండీ" అన్నాడు. ఆయనకే ఆశ్చర్యంగా ఉంది పాపం. మా ఇంటికి కరెంటు బిల్లులు తప్ప ఏమీ పట్టుకురాడు.

నీ దగ్గర దాపరికం ఎందుకు, మొదటి నాలుగు వాక్యాలు చదవగానే నా చెయ్యి దానంతటదే స్టాండు వైపు వెళ్లింది. లైటు వేసి, జుట్టు సరిచేసుకుని, "మా అమ్మాయి ఉత్తరం రాసిందండోయ్" అనబోయాను. అప్పుడు "నీ ఒక్కదానికే" అన్న మాట కంటబడింది. లైటు ఆర్పేసి, సింకు కిందికే మళ్లీ దూరి, అక్కడ కూర్చుని చదివాను. ఇల్లు మొత్తం మీద కెమెరా కంటికి అందనిది ఆ చోటొక్కటే అని అప్పుడు తెలిసింది.

నువ్వు ఒకటి చెప్పావు కాబట్టి నేనూ ఒకటి చెబుతాను. ఆ రోజు నేను తీసింది నిన్ను కాదే.

మీ నాన్న వెళ్లిపోతాడని నాకు ముందే తెలుసు. అరుపుల్లేవు, గిన్నెలు విసురుకోవడాల్లేవు. నువ్వు బడికెళ్లాక ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం. "నావల్ల కావట్లేదు" అన్నాడు. "ఉండమని కాళ్లు పట్టుకోను" అన్నాను. "పట్టుకోవని తెలుసు" అన్నాడు. అంతే, అయిపోయింది. ఆయన పెట్టె పట్టుకుని రోడ్డు దాటుతుంటే నేను మెట్ల మీద నిలబడి ఫోన్ ఎత్తాను. ఎందుకు ఎత్తానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. వెనక్కి తిరిగి నా వైపు చూస్తాడేమో, చూస్తే ఆ చూపు నా దగ్గర ఉండిపోవాలనుకున్నానేమో. చూడలేదు. నీకు చెయ్యి ఊపాడు. అంతలో నీ ఏడుపు వినపడి ఫోన్ నీ వైపు తిప్పాను.

తర్వాత వీడియోలో ముందు భాగం కత్తిరించేశాను. మిగిలింది నువ్వూ, నేలమీద ఐస్‌క్రీమూ. దాన్ని లోకానికి పెట్టాను. ఆ రోజుల్లో మెట్లు దిగితే చాలు, "మీ ఆయన కనబడట్లేదేంటి" అని అడిగేవాళ్లు కాచుక్కూర్చున్నారు. వీడియో పెట్టిన తర్వాత అందరూ "మీ పాప భలే ఏడ్చిందండీ" అన్నారు. ఆ మాటకు జవాబు చెప్పడం తేలిక. నవ్వితే సరిపోతుంది. నవ్వుతూ నవ్వుతూ గండం గడిచిపోయింది. తెలిసీ తెలియనట్టు నువ్వున్నావు. నీకేమీ తెలియదని నేననుకున్నాను. ఇన్నేళ్లూ ఒకే కప్పు కింద ఉండి ఇద్దరం భలే నటించామే.

అలాగని చేతులు కట్టుకుని తల దించుకుని నిలబడమంటే నిలబడను. ఆ వీడియో చూడ్డానికి వచ్చినవాళ్లే నేను కుళాయి విప్పుతుంటే కూడా చూశారు. ఇంట్లో మగదిక్కు లేదు కాబట్టి నేర్చుకున్న పని అది. నాలాంటివాళ్లు ఎంతమందో నన్ను చూసి రెంచి పట్టుకున్నారు. ఒకావిడైతే మొన్న బజార్లో ఆపి, మా ఇంటి పంపు నేనే బిగించానండీ అని నా చెయ్యి వదల్లేదు. ఇదంతా ఆ ఏడుపు దగ్గరే మొదలైంది. ఇప్పుడది పీకేయమంటున్నావు.

కంపెనీ ఆయనకు "మా అమ్మాయి కాదనదు" అని మాట ఇచ్చేశాను. ఇవ్వకుండా ఉండాల్సింది. కానీ నువ్వూ ఒకసారి ఆలోచించు తల్లీ. ముఖం నీదే, కాదనను. ఆ ఏడుపు మాత్రం చేతులు మారి మారి ఎక్కడెక్కడికో వెళ్లింది. వీడియో తీసేసినా ఆ బొమ్మ మనుషుల ఫోన్లలోంచి పోదు. పోనిదాని కోసం ఉన్నది ఎందుకు తీసేయడం? నాకు కాస్త వ్యవధి ఇవ్వు. నీ జవాబు రాసి పంపు, ఫోన్ చేయకు. ఈ ఉత్తరాల పద్ధతి నాకు నచ్చింది, మధ్యలో అడ్డుపడేవాళ్లుండరు.

అమ్మ

*

అమ్మా,

నీ ఉత్తరం ఆసుపత్రికి వెళ్తూ బస్సులో చదివాను. "ఆ చూపు నా దగ్గర ఉండిపోవాలనుకున్నానేమో" అన్నచోట ఆగిపోయి, దిగాల్సిన చోటు దాటిపోయాను. వెనక్కి నడిచి వచ్చేసరికి ఆలస్యమైంది. మా పెద్ద డాక్టరుగారు గడియారం చూపించి వెళ్లిపోయారు.

నాకు కోపం తగ్గలేదు కానీ దాని ఆకారం మారింది. దాని గురించి కలిసినప్పుడు మాట్లాడుకుందాం. ముందు, ఈ వారం జరిగింది ఒకటి చెప్పాలి. అది వింటే నేను ఇప్పుడు అడగబోయేది నీకు అర్థమవుతుంది.

నా పని నీకు తెలుసు. మెదడుకు దెబ్బ తగిలి మాట పడిపోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పడం. ఇప్పుడు నా దగ్గరికి ఒక పెద్దాయన వస్తున్నారు. రిటైరయ్యేదాకా రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని, ఏ బండి ఎక్కడికి వస్తుందో చెప్పినాయన. ఇప్పుడక్కడ రికార్డు చేసిన గొంతు మోగుతుంది. కానీ ఒకప్పుడు ఈ ఊరి వాళ్లందరికీ ఆయన గొంతే వినిపించేదట, ముఖం మాత్రం ఎవరికీ తెలియదట. పక్షవాతం వచ్చి మాట మొత్తం పోయింది. తలలో అంతా ఉంది. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది. నోటికి రాదు, రాయబోతే చేతికీ రాదు. మేం చూపించే బొమ్మల అట్టలు ఇస్తే విసిరికొట్టారు. కప్పు బొమ్మ చూపించి "ఇదేమిటి" అని అడిగితే, అంతటి మనిషికి ఒళ్లు మండదా? నేనైనా విసిరేదాన్నే.

మంగళవారం ఆయన్ని వెంటబెట్టుకుని ఆయన భార్య లోపలికి వస్తూనే నా చెయ్యి పట్టుకుంది. "ఈయన నాతో మాట్లాడారమ్మా" అంది. నేను అదిరిపడ్డాను. ఆవిడ ఫోన్ తీసి చూపించింది. పొద్దున ఆవిడ కూరగాయలకు వెళ్తే, ఆయన ఇంట్లో కూర్చుని ఎడంచేత్తో ఒక స్టిక్కర్ పంపారు. రెండు పిలకలు, ఊడిన పళ్లు. నేనే.

"ఎందుకు పంపారో ముందు అర్థం కాలేదమ్మా. ఇంటికి పరిగెత్తుకొచ్చాను. కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. ఏమండీ, ఏడుపొస్తోందా అని అడిగితే తల ఊపారు. ఆసుపత్రి నుంచి వచ్చినకాడి నుంచి ఈ మనిషి కళ్లు తడవలేదు తెలుసా. నా ముందు ఏడవరు. ఎప్పుడూ అంతే. బొమ్మ పంపారు."

అమ్మా, ఆ క్షణం నాకేమనిపించిందో ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఆ స్టిక్కర్ మొత్తం లోకం నుంచి తీయించేయాలని, అందుకు ఎవరికి అర్జీ పెట్టుకోవాలో కూడా కనుక్కుని ఉన్నాను. ఆవిడ చేతిలో ఫోన్ చూస్తే ఆ ఆలోచన ఎటు పోయిందో తెలియదు. నా ఏడుపు ఎవరికో నవ్వులాట అయినప్పుడు చచ్చేంత సిగ్గేసింది. అదే ఏడుపును ఒక మనిషి తన మాటగా వాడుకుంటే సిగ్గు వేయలేదు.

అక్కడితో అయిపోలేదు. ఆయన నా వైపే చూస్తున్నారు. ఫోన్ వైపు చూస్తారు, నా వైపు చూస్తారు. జీవితమంతా ముఖం చూపించకుండా బతికిన మనిషికి ఇతరుల ముఖాలు బాగా పట్టుబడతాయో ఏమో. వేలు ఎత్తి తెర మీద నన్ను చూపించి, తర్వాత కుర్చీలో నన్ను చూపించారు. ఆయన భార్య, "ఛ, అదేంటండీ, ఆ పిల్ల ఈవిడెందుకవుతుంది" అని కసిరింది. నేను, "అవునండీ, నేనే" అన్నాను. ఈ ఊళ్లో మొదటిసారి ఆ మాట నా నోట వచ్చింది.

ఆవిడ పెద్దగా నవ్వేసి, "నువ్వా తల్లీ, ఐస్‌క్రీమ్ పడిపోయిందని ఎంత ఏడ్చావో" అంది. ఆయన నవ్వలేదు. పెదాలు కూడదీసుకున్నారు. మెడ నరాలు బిగుసుకున్నాయి. ఇలాంటప్పుడు మధ్యలో మాట అందించకూడదు, ఆగాలి. ఆగాను. ఆయన గొంతులోంచి ముందు గాలి వచ్చింది, తర్వాత ముక్కలు ముక్కలుగా మాట.

"ఎం... దు... కు?"

ఆయన భార్య కుర్చీలో కూలబడింది. ఇన్ని రోజుల్లో ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. నాకది మరోలా కూడా వినిపించింది. ఇన్నేళ్లలో, ఇంతమందిలో, నేనెందుకు ఏడ్చానో అడిగిన మొదటి మనిషి ఆయన. మిగతావాళ్లందరికీ జవాబు కిందనే రాసి ఉంది కదా, ఇంక అడగడమెందుకు?

చెప్పాను. మా నాన్న బస్సెక్కి వెళ్లిపోయాడండీ, అందుకు. అంతే చెప్పాను. ఆయన తల ఊపారు. బండ్లు బయల్దేరుతున్నాయని చెప్పడం ఆయన ఉద్యోగం. వెళ్లేవాళ్లను చూసి ఏడ్చేవాళ్లు ఆయనకు కొత్త కాదు. కాసేపు నా చేతి మీద ఎడం చెయ్యి వేసి ఉంచారు. తర్వాత ముగ్గురం పని మొదలుపెట్టాం. "ఎందుకు"ను పట్టుకుని "ఎప్పుడు", "ఎక్కడ" దాకా ప్రయత్నించాం. "ఎక్కడ" కొంచెం వచ్చింది.

కాబట్టి ఇప్పుడు నా మాట విను. స్టిక్కర్ జోలికి నేను వెళ్లను. దానికింద ఏమీ రాసి ఉండదు, పంపినవాళ్ల బాధే దాని బాధ. అది ఎవరికి కావాలో వాళ్ల దగ్గర ఉండనీ. వీడియో సంగతి వేరు. దానికింద మనిద్దరం చెప్పుకున్న అబద్ధం ఉంది. అది పోవాలి. డబ్బా మీద అయితే అసలు కుదరదు. అమ్ముకోవడానికి నేను ఒప్పుకోను, ఎంత మంచి మాటలు రాసినా సరే. నీ చానల్ ఆ ఏడుపు మీద నిలబడిందని రాశావు. కాదమ్మా. జనం నా ఏడుపు చూడ్డానికి ఒకసారి వచ్చుంటారు. మళ్లీ మళ్లీ వస్తున్నది నీ కోసం. ఒక్కసారి దాని మీంచి కాలు తీసి చూడు, పడిపోవు.

నిన్న మా గ్రూపులో నీళ్ల ఆఫీసు కబురు మళ్లీ వచ్చింది, నా ఏడుపుతో సహా. "ఈ పిల్ల నేనే" అని రాసి, ఫోన్ పక్కన పెట్టి పనిలోకి వెళ్లాను. తిరిగి వచ్చి చూస్తే ఒకటే గోల. మా పెద్ద డాక్టరుగారు వచ్చి నా గది గుమ్మంలో నిలబడి, "నేను కూడా పంపానమ్మా. ఏమనుకోవద్దు" అన్నారు. "ఇకమీద అడిగి పంపండి సార్" అన్నాను. ఆయన నవ్వారు. పళ్లు బాగానే ఉన్నాయి.

నీ జవాబు కోసం చూస్తుంటాను.

చిట్టి

*

చిట్టీ,

నీ ఉత్తరం చదివాక ఒకరోజంతా నీ మీద కోపంగా ఉన్నాను. కారణం పెద్దగా ఏమీ లేదు. నువ్వు చెప్పింది నిజం కావడమే.

కంపెనీ ఆయన స్వయంగా ఇంటికి వచ్చాడు. మంచి బట్టలు, మెత్తటి మాటలు. "పిల్లలు ముందు వద్దంటారండీ, తర్వాత వాళ్లే సరదాపడతారు" అన్నాడు. "మా పిల్ల మాట పడిపోయినవాళ్లకు మాట తెప్పిస్తుందండీ. తన మాట తను బాగానే చెప్పుకుంటుంది. వద్దంది" అన్నాను. నేను ఇచ్చిన మాట సంగతేమిటని గుర్తుచేశాడు. "నాది కానిదాన్ని ఇస్తానన్నాను, పొరపాటు నాదే" అని నా దగ్గరున్న కాగితాలు ఆయన చేతిలో పెట్టి, వెళ్లేలోపు ఆయన ఇంట్లో కారుతున్న వాష్‌బేసిన్ కథ విని, ఏ వాషరు మార్చాలో చెప్పి పంపాను. గుమ్మం దిగేటప్పుడు ఆయనకు నా మీద కోపమా, కృతజ్ఞతా అన్నది ఆయనకే తేలలేదు.

తర్వాత ఆదివారం లైవ్‌లో కూర్చున్నాను. రెంచి పట్టుకోలేదు. "మా పాప ఏడుపు వీడియో తీసేశానండీ. ఐస్‌క్రీమ్ కోసం అని నేను రాసింది నిజం కాదు" అన్నాను. ఒక్కసారిగా ప్రశ్నలు మీద పడ్డాయి. మరెందుకు, మరెందుకు అని. "అది మా అమ్మాయి చెప్పుకోవాల్సిన సంగతి. తనకు చెప్పాలనిపించినవాళ్లకు తను చెబుతుంది. మీకిప్పుడు గీజరు కనెక్షన్ చూపిస్తాను" అన్నాను. కొందరు తిట్టి వెళ్లిపోయారు. ఎక్కువమంది ఉన్నారు. ఒకావిడ, "మా బాబు స్నానం వీడియో ఒకటి పెట్టానక్కా, ఇప్పుడే తీసేశాను" అని రాసింది. గీజరు కనెక్షన్ సరిగ్గానే ఇచ్చాను. నువ్వు చెప్పినట్టే, పడిపోలేదు.

నా దగ్గర కత్తిరించకుండా దాచుకున్న అసలు వీడియో ఒకటుంది. నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. అది నీకు పంపనా, చెరిపేయనా అని ఆలోచించాను. చివరికి చిన్న పెన్‌డ్రైవులోకి ఎక్కించి, ఫోన్‌లోంచి తీసేశాను. శనివారం బస్సుకు వస్తున్నాను, పట్టుకొస్తాను. చూస్తావో, పారేస్తావో నీ ఇష్టం. మీ నాన్న ముఖం అందులో బాగా పడింది. ఆయన నీకు చెయ్యి ఊపేటప్పుడు ఆయనా ఏడుస్తున్నాడు. ఈ ఒక్కటీ నీకు ఎప్పుడో చెప్పాల్సింది.

ఇంకో సంగతి. వీడియో తీసేసిన సాయంత్రం తలుపులు వేసుకుని వంటగదిలో నిలబడ్డాను. టీ పెట్టుకుందామని నీళ్లు పట్టాను. ఏం జరిగిందో, గిన్నె అక్కడే పెట్టేసి ఏడ్చాను. ఆయన వెళ్లిపోయినందుకు నేను ఇంతవరకు ఏడవలేదే. నీ ఏడుపుకు సర్దిచెప్పడంలో, వచ్చినవాళ్లను నవ్వించడంలో నా వంతు మరిచిపోయాను. ఆ సాయంత్రం వెక్కి వెక్కి, ముక్కు కారుతూ, అచ్చం చిన్నపిల్లలా, గచ్చు మీద చతికిలబడి ఏడ్చాను. ఎవరూ చూడలేదు. ఎవరూ ఓదార్చలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

తర్వాత మొహం కడుక్కుని టీ తాగాను. చక్కెర ఎక్కువైంది.

అమ్మ